చలికాలం బీరువా ప్రాజెక్టు: వేసుకునే వరసలోనే సర్దుతున్నా

చలి దిగకముందు, శనివారం

ఈసారి చలి పూర్తిగా దిగకముందే బీరువా పని పట్టాను. నాకు కావాల్సింది ఇదీ: పొద్దున్నే తలుపు తీసి పైనుంచి కిందకి చెయ్యి పోనిస్తే ఒక పూర్తి జత చేతికి వచ్చెయ్యాలి, అది వెచ్చగా ఉండాలి, నలుగురిలోకి వెళ్ళడానికి పద్ధతిగా ఉండాలి. చలికాలంలో పొద్దున టైం పట్టేది బట్టలు లేక కాదండి, ఉన్నవి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక. షర్టు బాగుంటుంది, స్వెటర్ బాగుంటుంది, రెండూ వేసి పైన కోటు తొడిగితే చంకల దగ్గర పట్టేసి చేతులు లేవవు, మళ్ళీ అన్నీ విప్పడం, మళ్ళీ వెతకడం. అందుకని షర్టులన్నీ ఒకచోట స్వెటర్లన్నీ ఒకచోట అనే పద్ధతి వదిలేసి, ఒంటి మీద ఏ వరసలో వేసుకుంటామో అదే వరసలో బీరువా సర్దాలని అనుకున్నా. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క ఐడియా మీదే నడుస్తోంది.

ముందు బీరువా అంతా ఖాళీ చేసి మంచం మీద పోశాను. ఒంటికి తగిలేవి ఒక కుప్ప, అంటే థర్మల్స్, బనియన్లు, పల్చటి ఫుల్ హ్యాండ్స్ టీషర్టులు. వేడి పట్టి ఉంచే మధ్యవి ఇంకో కుప్ప, ఫ్లానెల్ షర్టులు, స్వెటర్లు, ఫ్లీసులు (మెత్తటి నూగు ఉండే పాలియెస్టర్‌వి). గాలినీ తడినీ ఆపే పైవి మూడో కుప్ప. టోపీలు, మఫ్లర్లు, గ్లవ్స్, సాక్సులు పక్కన ఒక చిన్న కుప్ప.

ఇలా విడదీయడానికి కారణం ఉంది. మనల్ని వెచ్చగా ఉంచేది ఎక్కువగా గుడ్డ పోగుల మధ్య, ఒక బట్టకీ ఇంకో బట్టకీ మధ్య కదలకుండా చిక్కుకున్న గాలే. అందుకే పల్చటివి రెండు వేసుకుంటే చాలాసార్లు మందంది ఒకటి వేసుకున్నంత పని చేస్తాయి, పైగా లోపలికి రాగానే ఒకటి తీసెయ్యొచ్చు. గాలి వీచి ఆ చిక్కుకున్న గాలిని ఊడ్చుకుపోతే ఎంత మందం స్వెటరైనా దండగే, కాబట్టి పైది గాలి దూరనిది అయ్యుండాలి. ఇంక ఒంటికి తగిలేదాని పని చెమ్మని వదిలించడం. కాటన్ చెమట పీల్చి పట్టుకుని కూర్చుంటుంది, ఓ పట్టాన ఆరదు, గబగబా నడిచి ఆగగానే వీపు చల్లబడిపోయేది అందుకే. ఊలు మాత్రం తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమని లోపలికి తీసుకున్నా తడిగా అనిపించదు. అందుకే మొదటి కుప్పని రెండుగా చీల్చా, ఇంట్లో కూర్చునే రోజులకి కాటన్, ఎక్కువ నడిచే రోజులకి మెరినో ఊలు (మెరినో గొర్రెల సన్నటి ఊలు) లేదా పాలియెస్టర్.

ఊలు అంటే గుచ్చుకుంటుందని దూరం పెట్టేవాళ్ళకి ఒక మాట. గుచ్చుకునేది పోగు మందాన్ని బట్టే. 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దాటిన మొద్దు పోగు చర్మానికి తగిలి వంగకుండా పొడుస్తుంది, మెరినో 24 మైక్రాన్ల లోపే ఉంటుంది కాబట్టి మెత్తగా వంగిపోతుంది. గుచ్చుకునే స్వెటర్ ఉంటే పారెయ్యక్కర్లేదు, దాని చోటు మధ్య కుప్పలో, కింద కాలరు ఉన్న షర్టు వేసుకుంటే సరిపోతుంది.

మర్నాడు, లెక్క వేశా

ఇది నాకు బాగా నచ్చిన భాగం. బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి క్లో అనే ఒక యూనిట్ ఉంది, 1941లో వచ్చింది. సుమారు 21 డిగ్రీల గదిలో, గాలి కదలకుండా ఉన్నప్పుడు, ఊరికే కూర్చున్న మనిషికి చలీ ఉక్కా లేకుండా హాయిగా ఉండేంత బట్ట ఒక క్లో. ఒక్కో బట్టకి విడివిడిగా విలువలు ఐఎస్ఓ 7730 అనే అంతర్జాతీయ స్టాండర్డ్‌లో ఉన్నాయి, వాటిని పట్టుకుని నా కుప్పల మీద చీటీలు పెట్టా. ఫుల్ హ్యాండ్స్ ఇన్నర్ 0.12, కాళ్ళకి థర్మల్ 0.10, ఫ్లానెల్ షర్టు 0.30, మామూలు ప్యాంటు 0.25, పల్చటి స్వెటర్ 0.20, మందం స్వెటర్ 0.35, చేతుల్లేని స్వెటర్ 0.12, మందం సాక్సులు 0.05, డౌన్ జాకెట్ (లోపల ఈకలు నింపింది) 0.55, కోటు 0.60. దళసరి అట్ట ఉన్న బూట్లు 0.04.

ఇప్పుడు కూడి చూడండి. ఇన్నర్, థర్మల్, ఫ్లానెల్ షర్టు, ప్యాంటు, మందం స్వెటర్, మందం సాక్సులు, బూట్లు కలిపితే 1.21. పైన కోటు వేస్తే 1.81. మందం స్వెటర్ బదులు పల్చటిది వేస్తే తగ్గేది 0.15 మాత్రమే, ఆ 0.15 కోసం మందం స్వెటర్‌తో కోటు బిగుసుకుపోయి బాధపడాల్సిన పని లేదని ఈ లెక్క చూశాక తేలిపోయింది. కాళ్ళ థర్మల్ 0.10 అంటే చిన్న అంకెలాగే ఉంటుంది గానీ పైన ఎన్ని వేసినా కాళ్ళకి ఒక్క ప్యాంటే ఉంటుంది కదా, అక్కడ ఆ 0.10 బాగా తెలుస్తుంది. చేతుల్లేని స్వెటర్ విషయం కూడా అంతే, నడుము నుంచి మెడ దాకా కప్పుతుంది, చేతుల్లో మందం పెరగదు, కోటులో ఇట్టే దూరిపోతుంది. వాటిని ఇన్నాళ్ళూ పెద్దగా పట్టించుకోలేదు గానీ ఇప్పుడు మధ్య కుప్పలో వాటికే ముందు వరస ఇచ్చాను.

ఈ అంకెలు మనిషిని బట్టి, ఎంత కదులుతున్నాం అన్నదాన్ని బట్టి మారతాయి, థర్మామీటర్ చూసి డ్రెస్ వేసుకోమని చెప్పడం లేదు. రెండు జతల్లో ఏది ఎంత ఎక్కువ వెచ్చనో పోల్చుకోడానికి మాత్రం భలే పనికొస్తాయి.

ఆ వారం మధ్యలో, ఒకదాని మీద ఒకటి

అద్దం ముందు నిలబడి కోటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చా. ఎందుకంటే ఉన్నవాటిలో తక్కువ ఉండేది, మార్చలేనిది కోటే. దాని లోపల ఏం పడుతుందో అదే చలికాలం అంతా వేసుకోగలిగింది. ఒక్కో స్వెటర్ వేసి పైన కోటు తొడిగి, చేతులు రెండూ పైకెత్తి, తర్వాత ముందుకు చాపి, కుర్చీలో కూర్చుని వంగి లేసు కట్టుకున్నట్టు చేశా. ఎక్కడా లాగకపోతే పాస్.

అన్నిటికంటే పేచీ పెట్టేది మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండే భాగం. ఫ్లానెల్ షర్టు చెయ్యి స్వెటర్‌లోకి పోతున్నప్పుడు పైకి ముడుచుకుపోయి మోచెయ్యి మడత దగ్గర ఉండలా చేరిపోతుంది, అక్కడ నుంచి రోజంతా ఇబ్బందే. షర్టు చేతి అంచుని నాలుగు వేళ్ళతో పట్టుకుని పిడికిలి బిగించి అలాగే స్వెటర్‌లోకి దూర్చాలి, బయటికి వచ్చాక వదలాలి, కోటుకీ అంతే. అయినా ముడుచుకుంటోంది అంటే రెండు గుడ్డలూ గరుకువని అర్థం. ఫ్లానెల్ మీద ఫ్లీస్ అలాగే పట్టుకుంటుంది, అదే పాప్లిన్ లాంటి నున్నటి షర్టు మీద ఏ స్వెటరైనా జారుతుంది. కోటుకి లోపల నున్నటి లైనింగ్ ఉండేది కూడా అందుకే. కాబట్టి గరుకు పక్కన గరుకు పెట్టకుండా ఒకటి నున్నది, ఒకటి గరుకుది అని జతలు కట్టుకుంటూ పోయా.

మెడ దగ్గర రెండు చాలు అని ఒక రూల్ పెట్టుకున్నా. కాలరు షర్టు వేస్తే పైన వి నెక్, పోలో నెక్ (మెడంతా కప్పేది) వేస్తే పైన రౌండ్ నెక్ లేదా ముందు బటన్లు ఉన్న స్వెటర్. పోలో నెక్ ఉన్న రోజు మఫ్లర్ అక్కర్లేదు. పొడుగు విషయంలో, లోపలిది ప్యాంట్‌లోకి దోపుకోవాలి, మధ్యది తుంటి దాకా రావాలి, పైది మధ్యదానికంటే కిందకి ఉండాలి. జాకెట్ కింద నుంచి స్వెటర్ వేలాడుతుంటే చూడ్డానికి బాగుండదు, పైగా అక్కడ నుంచే చలిగాలి లోపలికి ఎక్కుతుంది.

ఏ కోటు కిందా పట్టని స్వెటర్లు కొన్ని తేలాయి. బాగున్నవే, కాకపోతే చేతులు మరీ వెడల్పు. అవి ఇంట్లో పైదిగా వేసుకోడానికి ఒక పక్కకి పెట్టా. దేని మీదా వెయ్యలేనివి, దేని కిందా వెయ్యలేనివి వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నా.

తర్వాతి శనివారం, రంగులు కట్టడం

వెచ్చదనం తేలాక రంగు చూడటం చాలా తేలిక. ఇక్కడా కోటు నుంచే మొదలు. నా కోటు ముదురు నీలం, జాకెట్ బూడిద రంగు. ఈ రెండింటి కిందా నప్పేవి అని చూస్తే ప్యాంట్లలో నీలం, బూడిద, గోధుమ రంగు నిలబడ్డాయి, నల్లది కూడా ఉంది గానీ ముదురు నీలం పక్కన నలుపు వెలుతురులో తేడాగా కనబడుతుంది, దాన్ని బూడిద జాకెట్‌కే కేటాయించా. మధ్యవాటిలో తెలుపు, లేత నీలం, బూడిద, మెరూన్, ముదురు ఆకుపచ్చ. రూల్ సింపుల్‌గా పెట్టుకున్నా, ఒక జతలో కళ్ళకి కొట్టే రంగు ఒక్కటే, అది స్వెటర్ అయినా కావచ్చు మఫ్లర్ అయినా కావచ్చు, రెండూ ఒకేసారి కాదు.

రంగు కంటే నాకు గుడ్డ తీరు ముఖ్యం అనిపిస్తోంది ఇప్పుడు. బూడిద మీద బూడిద వేసినా ఒకటి అల్లిక స్వెటర్, ఇంకోటి కార్డురాయ్ (నిలువు గీతలు ఉబ్బెత్తుగా ఉండే గుడ్డ) ప్యాంటు, పైన నున్నటి జాకెట్ అయితే చాలా అందంగా ఉంటుంది, అదే మూడూ ఒకే రకం గుడ్డ అయితే యూనిఫాంలా ఉంటుంది. కార్డురాయ్ కొనేటప్పుడు గీతలు చూడండి, అంగుళానికి ఎన్ని గీతలు ఉన్నాయన్నదే దాని లెక్క, 11 దగ్గర అయితే మామూలు రకం, 8 లేదా అంతకంటే తక్కువ అయితే గీతలు వెడల్పు, గుడ్డ బొద్దుగా ఉంటుంది, 16 దాటితే సన్నగా, షర్టు కుట్టుకునేంత మెత్తగా ఉంటుంది. వెడల్పు గీతల ప్యాంటు కింద థర్మల్ వేస్తే తొడల దగ్గర బరువెక్కుతుంది, సన్నగీతల దాని కింద హాయిగా పడుతుంది.

తక్కువ బట్టలతో ఎక్కువ జతలు అనే ఈ ఆలోచన పాతదే. 1970ల్లో లండన్‌లో బట్టల షాపు నడిపిన సూసీ ఫో (Susie Faux) దీన్ని క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చింది, 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కారన్ ఏడు బట్టలతో ఒక కలెక్షన్ తెచ్చింది. కారన్ మొదలుపెట్టింది ఒంటికి అంటుకుని ఉండే బాడీసూట్‌తో, మిగతావన్నీ దాని మీద వేసుకుంటూ పోవడమే. అంకె ఏడా ఇరవయ్యా అని నేను పట్టించుకోను, లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ రావడం అన్నది మాత్రం చలికాలానికి సరిగ్గా సరిపోయింది.

ఆదివారం, బీరువాలోకి

ఇప్పుడు అసలు సర్దడం. పై అరలో ఒంటికి తగిలేవి, చుట్టలుగా చుట్టి నిలబెట్టా, ఒకటి లాగితే పక్కది కదలదు. దాని కింద అరలో మధ్యవాటిలోని స్వెటర్లు, ఫ్లీసులు. దాని కింద రాడ్, రాడ్ మీద ఎడమ నుంచి కుడికి షర్టులు, ప్యాంట్లు, జాకెట్లు, చివర కోటు. అడుగున సొరుగులో సాక్సులు, గ్లవ్స్, టోపీలు. చెయ్యి పైనుంచి కిందకి వస్తే వేసుకునే వరస దాదాపు అదే. కోటు కింద నేలకి తగలకుండా వేలాడాలంటే రాడ్ కింద 140 సెంటీమీటర్ల దాకా ఖాళీ కావాలి, షర్టులకి 100 చాలు, అందుకే కోటుని సొరుగు లేని పక్కకి పెట్టి షర్టుల కింద సొరుగు ఉంచా.

స్వెటర్లు హ్యాంగర్‌కి వెయ్యొద్దు. అల్లిక అంటే ఒకదాంట్లో ఒకటి దూరిన దారపు మెలికలే, తన బరువుకే తను సాగిపోతుంది, భుజాల దగ్గర రెండు కొమ్ముల్లా లేస్తుంది, ఒకసారి అలా లేచాక మళ్ళీ లోపలికి పోవడం కష్టం. మడత పెట్టి, బరువైనవి అడుగున, పల్చటివి పైన. దొంతరలో నాలుగైదు మించితే అడుగుది తీసేటప్పుడు మొత్తం కూలుతుంది, అందుకే దొంతరలు పొట్టిగా, ఎక్కువగా పెట్టా. మడతని అర లోతుకి సరిపడా పెట్టి, వంపు ఉన్న అంచు బయటికి కనబడేలా తిప్పితే రంగూ మందమూ చూడగానే తెలుస్తుంది.

కోటుకి భుజం వెడల్పుకి సరిపడే మందం హ్యాంగర్ వాడుతున్నా, సన్నటి తీగ హ్యాంగర్ కోటు భుజాన్ని పాడుచేస్తుంది. డౌన్ జాకెట్ నొక్కి సంచిలో పెట్టకండి, ఈకల మధ్య గాలే దాని వెచ్చదనం, నెలల తరబడి నలిగి ఉంటే తిరిగి పూర్తిగా పొంగకపోవచ్చు. దాన్ని వదులుగా వేలాడదీశా, రెండు పక్కలా వేలంత ఖాళీ ఉంచి.

చలి ముదిరాక

వాడుకలో పెట్టాక ఒక కొత్త సమస్య ఎదురైంది, నిజానికి అన్ని బీరువాలూ చెడిపోయేది ఇక్కడే అనుకుంటా. ఒకసారి వేసుకున్న స్వెటర్ మాసినట్టూ కాదు, ఉతికినట్టూ కాదు. ఊలు స్వెటర్ ప్రతిసారీ ఉతకక్కర్లేదు, ఉతకకూడదు కూడా, కానీ అలాగే అరలో ఉతికినవాటి మధ్య పెడితే చెమ్మ, వాసన వాటికీ పడతాయి. దాంతో అవి కుర్చీ మీదకి చేరతాయి, కుర్చీ నిండితే మంచం మీదకి. వీటికి బీరువాలో చోటు లేకపోతే ఎంత బాగా సర్దినా వారం తిరిగేసరికి మొదటికి వస్తుంది.

అందుకని తలుపు బయటి వైపు కొక్కేలు, పక్కన ఒక అడ్డకర్ర పెట్టించా. రాత్రి విప్పినవి అక్కడ, స్వెటర్ అయితే అడ్డకర్ర మీద సగానికి వేస్తా, వేలాడదీయను. రాత్రంతా గాలి తగులుతుంది, పొద్దున్న వాసన చూసి బాగుంటే మడత పెట్టి మధ్య అరలో కుడి చివర దొంతరలోకి పోతుంది. ఆ దొంతర సగం వాడినవాటికే. అక్కడ ఉన్నవే ముందు వాడాలి, అది ఖాళీ అయితేనే పక్క దొంతర. బయట నుంచి తడిసి వచ్చిన కోటు కూడా కొక్కేనికే, పూర్తిగా ఆరే దాకా లోపలికి పోదు, తలుపు మూసిన బీరువాలో ఒక్క తడి కోటు చాలు మొత్తం ముక్కిపోయిన వాసన రావడానికి.

గాలి పొడిగా ఉన్న రోజుల్లో పాలియెస్టర్ ఫ్లీస్ తీస్తుంటే చిటపటమని షాక్ కొడుతోంది, ఊలు మీద వేస్తే ఇంకా ఎక్కువ. ఫ్లీస్ కింద కాటన్ షర్టు వేస్తే చాలా తగ్గింది.

సెలవు రోజు, ఉతకడం, పురుగులు

ఊలు స్వెటర్లు చేత్తో ఉతికా. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలు ఉంటాయి, వేడి నీళ్ళలో రుద్దితే అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి, స్వెటర్ కుంచించుకుపోయి దళసరి అట్టలా తయారవుతుంది. 30 డిగ్రీల లోపు నీళ్ళు, ఊలుకి పనికొచ్చే లిక్విడ్, ముంచి మెల్లగా నొక్కడం, అంతే, రుద్దడం మెలిపెట్టి పిండడం లేదు. తర్వాత పొడి టవల్ మీద పరిచి టవల్‌తో సహా చుట్టి నొక్కితే నీళ్ళు టవల్‌లోకి పోతాయి, అప్పుడు నీడలో పరిచి ఆరేయాలి. తీగ మీద వేస్తే తడి బరువుకి చేతులు మోకాళ్ళ దాకా సాగుతాయి.

ఒక మెరూన్ స్వెటర్ చంకల కింద, పక్కల బాగా ఉండలు కట్టింది. రాపిడికి పొట్టి పోగులు బయటికి వచ్చి ముడిపడటమే అది. వేళ్ళతో లాగితే ఇంకో పోగు వస్తుంది, కాబట్టి బల్ల మీద పరిచి గుడ్డని బిగువుగా పట్టుకుని, ఉండలు తీసే దువ్వెనతో ఒకే దిక్కుకి మెల్లగా దువ్వా. అలా దువ్వుతుంటే మోచేతి దగ్గర వెలుతురు కనబడింది, టార్చ్ వేసి చూస్తే కుట్టు పక్కన ఆవగింజంత కన్నాలు, పక్కనే బియ్యపు గింజంత తెల్లటి గూడు. చిమ్మట పురుగు.

ఎగిరే చిమ్మట బట్టలు తినదు, దాని పిల్ల పురుగు తింటుంది, ఊలులోనూ ఈకల్లోనూ ఉండే కెరటిన్ అనే ప్రోటీన్ దాని ఆహారం, చెమట అంటిన చోటు, మరక ఉన్న చోటు ముందు పట్టుకుంటుంది. అందుకే మాసిన ఊలు బట్ట దాచిపెట్టకూడదు. స్వెటర్‌ని కవర్లో గాలి చొరకుండా కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలకి పెట్టా, బయటికి తీశాక కవర్ విప్పకుండా మామూలు వేడికి వచ్చే దాకా ఆగాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. అర మూలలు, పలకల సందులు వాక్యూమ్ క్లీనర్ పెట్టి శుభ్రం చేశా, పురుగులు చీకటి సందుల్లోనే ఉంటాయి. కలరా ఉండలు మాత్రం వెయ్యడం లేదు, నాఫ్తలీన్ ఆవిరి మనకీ మంచిది కాదు, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకైతే రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. దేవదారు చెక్కల వాసన మీద పూర్తిగా ఆధారపడలేం. ఉతికి పెట్టడం, మూత బిగువుగా ఉన్న డబ్బాలో దాచడం, అప్పుడప్పుడు తీసి దులపడం, ఇవే నమ్మకం.

ఇంకా మిగిలినవి

మెరూన్ స్వెటర్ ఫ్రీజర్ నుంచి వచ్చాక మోచేతికి అదే రంగు ఊలుతో రఫు చెయ్యాలి, దారం దొరికింది, సూది మొన మొద్దుగా ఉండేది కావాలి. బూడిద జాకెట్ జిప్ కింద మూడు పళ్ళు లూజుగా ఉన్నాయి, చలి తగ్గే దాకా ఆగకుండా ఈ వారమే టైలర్ దగ్గరికి. సాక్సుల సొరుగుకి అడ్డపలకలు ఇంకా కొయ్యలేదు, సైజులు మాత్రం రాసి పెట్టుకున్నా. చేతుల్లేని స్వెటర్ ఇంకోటి కావాలి, లేత బూడిద రంగు, వి నెక్, కోటు కిందా జాకెట్ కిందా పట్టేది. అది దొరికితే ఇంకేం కొనను.